ఎక్స్ఛేంజ్‌కి పంపేముందు గంటల లెక్క తేల్చండి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పిల్లని బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు ఫీజు, హాస్టలు సంగతి కనుక్కున్నాక తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఫారిన్ పంపిస్తారా సార్?" కాలేజీలకూ అది తెలుసు. అందుకే బ్రోచర్ మీద విమానం బొమ్మ, పక్కన ఏదో ఒక యూరప్ యూనివర్సిటీ పేరు వేస్తారు. ఆ పేరు వెనక నిజంగా ఒప్పందం ఉందా, ఉంటే అందులో ఏం రాసుకున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. అడగాలి. ఎందుకంటే ఎక్స్ఛేంజ్ వల్ల, అంటే కొన్నాళ్లు విదేశీ కాలేజీలో చదివి రావడం వల్ల, పిల్లకి ఏం ఒరుగుతుందో చాలావరకు బయల్దేరడానికి ఎనిమిది నెలల ముందే, ఇక్కడి ప్రిన్సిపాల్ గదిలోనే తేలిపోతుంది. అక్కడ తేల్చుకోనిది విదేశీ వార్డులో అడుగుపెట్టాక ఎవరూ సర్దలేరు.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మన ఊళ్లలో "ఫారిన్ నర్సింగ్" అన్న ఒక్కమాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఎక్స్ఛేంజ్‌లో పిల్ల ఇక్కడి కాలేజీ విద్యార్థిగానే ఉంటుంది. ఫీజు ఇక్కడే కడుతుంది, అక్కడి యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు తీసుకోదు. కొన్ని వారాలో నెలలో చదివి తిరిగొస్తుంది, డిగ్రీ ఇక్కడే తీసుకుంటుంది. రెండోది జర్మనీ ఆస్‌బిల్డుంగ్, దానికీ ఎక్స్ఛేంజ్‌కీ సంబంధం లేదు. అది మూడేళ్ల కొత్త చదువు: 2,100 గంటల పాఠం, 2,500 గంటల వార్డు పని, నెలనెలా జీతం, ముందే జర్మన్ భాష పరీక్ష. మూడోది డిగ్రీ, రిజిస్ట్రేషన్ అయ్యాక ఉద్యోగానికి పోవడం. దానికి ఏజెంటును పట్టుకుంటే, అతను విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్లో నమోదై ఉండాలి, ఆ ఏజెంటు తీసుకోగలిగే సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది నిబంధనకు విరుద్ధం. ఇక ఎక్స్ఛేంజ్ అని పేరు చెప్పి లక్షల్లో "ప్రోగ్రాం ఫీజు" అడిగారంటే, అది డబ్బు కట్టి వెళ్లే స్టడీ టూరు. స్టడీ టూరుకి పోవడం తప్పేం కాదు. ఉద్యోగం వస్తుందని చెప్పి పొలం తాకట్టు పెట్టించడం మాత్రం తప్పు.

నిజమైన ఎక్స్ఛేంజ్‌లలో మన దేశానికి అందుబాటులో ఉన్న పెద్దది యూరోపియన్ యూనియన్ వాళ్ల ఎరాస్మస్. 1987లో యూరప్ దేశాల మధ్య మొదలై, ఇప్పుడు ఎరాస్మస్ ప్లస్ పేరుతో బయటి దేశాల విద్యార్థులనూ తీసుకుంటోంది. నెలకింత భృతి, ప్రయాణానికి కొంత ఇస్తారు. కాకపోతే విద్యార్థి తనంతట తాను దరఖాస్తు పెట్టుకుని పోయేది కాదు ఇది. రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉండాలి, అక్కడి సంస్థకి ఆ ఏడాది నిధులు మంజూరై ఉండాలి. మామూలు మొబిలిటీ, అంటే అక్కడ ఉండి చదివే కాలం, 2 నెలలకు తక్కువ, 12 నెలలకు ఎక్కువ ఉండదు. ప్రతి విద్యార్థికీ లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రం తయారవుతుంది. దాని మీద విద్యార్థి, పంపే కాలేజీ, చేర్చుకునే కాలేజీ ముగ్గురూ సంతకం పెట్టాలి. అక్కడ ఏం చదువుతుంది, వచ్చాక ఇక్కడ దేని కింద జమ చేస్తారు అన్నది అందులో ఉంటుంది. మొదటి సగం అందరూ శ్రద్ధగా నింపుతారు. రెండో సగంలో "నిబంధనల ప్రకారం" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. పిలకాయల అగచాట్లు మొదలయ్యేది అక్కడే.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సిలబస్ మార్చి సెమిస్టర్ పద్ధతి తెచ్చింది. పరీక్షకి కూర్చోవాలంటే 80 శాతం హాజరు చాలు గానీ, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు, అంటే వార్డు పని హాజరు, నూటికి నూరు ఉండాలి. అంటే ఫిన్లాండులో మూడు నెలలు వార్డులో పనిచేసి వచ్చినా, ఆ గంటల్ని హెల్త్ యూనివర్సిటీ ఒప్పుకున్నట్టు ముందే కాగితం లేకపోతే, అవన్నీ గైర్హాజరు కిందే లెక్క. తిరిగొచ్చాక క్లాసు పిల్లలు సెలవుల్లో ఉంటే ఈ అమ్మాయి వార్డులో కాంపెన్సేషన్ డ్యూటీలు చేసుకోవాలి. ఇదీ జరుగుతున్నది.

క్రెడిట్ల మార్పిడి ఇంకో చిక్కు. మన సిలబస్‌లో ఒక క్లినికల్ క్రెడిట్ అంటే వారానికి 4 గంటలు, 20 వారాల సెమిస్టర్‌కి 80 గంటలు. యూరప్ క్రెడిట్ ఒకటికి 25 నుంచి 30 గంటల పని, అందులో విద్యార్థి సొంతంగా చదువుకునే గంటలూ కలిసే ఉంటాయి. కాబట్టి "అక్కడ 15 క్రెడిట్లు చేసింది" అంటే ఇక్కడ 15 క్రెడిట్లు అయినట్టు కాదు. 375 నుంచి 450 గంటలు, అన్నీ వార్డు గంటలే అనుకున్నా మన లెక్కలో సుమారు 5 క్రెడిట్లు. అందుకని ట్రాన్స్‌క్రిప్ట్ అనే మార్కుల పత్రం ఒక్కటీ చాలదు. ఏ వార్డులో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో అని విడిగా ఒక పట్టీ మీద సంతకం, ముద్ర వేయించుకుని రావాలి. వెళ్లొచ్చాక ఈ-మెయిల్లో అడిగితే ఆ వార్డు మేనేజర్ మారిపోయి ఉండొచ్చు. చివరి వారంలోనే తీసుకోవాలి.

ఏ సెమిస్టర్‌లో పంపాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆరు, ఏడు సెమిస్టర్లలో వద్దు. మిడ్‌వైఫరీ ఆ రెంటిలోనే ఉంది, ప్రసవాల కేసుల రికార్డు ఇక్కడి లేబర్ రూములోనే నిండాలి. అక్కడ విదేశీ విద్యార్థిని కాన్పు దగ్గర నిలబడనిచ్చినా చెయ్యి వేయనివ్వరు. ఎనిమిదో సెమిస్టర్‌లో 22 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది: అడల్ట్ హెల్త్ 6 వారాలు, కమ్యూనిటీ, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, మిడ్‌వైఫరీ తలా 4. ఇందులో అడల్ట్ హెల్త్ 6, కమ్యూనిటీ 4 కలిపి 10 వారాలు అక్కడ చేయించడానికి యూనివర్సిటీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకుంటే, ఎరాస్మస్ అడిగే 2 నెలలూ నిండుతాయి, ఇక్కడి రికార్డూ చెడదు. మానసిక వార్డుని మాత్రం అక్కడికి నెట్టకండి. మాటే మందుగా నడిచే చోట భాష రాని విద్యార్థి నేర్చుకునేది తక్కువ.

ఎనిమిది నెలలు అన్నది ఊరికే చెప్పిన అంకె కాదు. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష, అందులో కనీసం 10 యూనిట్లు రావాలి. మన విద్యార్థుల్లో చాలామంది ఫస్టియర్‌లో రెండు డోసులు వేయించుకుని మూడోది మరిచిపోయి ఉంటారు. వాళ్లు మొదటినుంచీ వేయించుకోనక్కర్లేదు, ఆగినచోట నుంచి పూర్తిచేస్తే చాలు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకి వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు, మధ్యలో 4 వారాలు. క్షయ పరీక్ష దగ్గర ఒక మెలిక ఉంది. చిన్నప్పుడు క్షయ టీకా బీసీజీ వేసిన పిల్లలకి మాంటూ అనే చర్మపరీక్ష పాజిటివ్ రావడం మామూలే, అది చూసి అక్కడివాళ్లు కంగారుపడతారు. ఇగ్రా అనే రక్తపరీక్ష బీసీజీ వల్ల తప్పుదారి పట్టదు, దాన్నీ ఛాతీ ఎక్స్‌రేనీ తీసుకెళ్లడం మేలు. మాంటూయే చేయించాల్సి వస్తే ఎంఎంఆర్ వేసిన రోజే చేయించాలి, లేదా నాలుగైదు వారాలు ఆగాలి. ఆ టీకా కొద్దిరోజులు ఫలితాన్ని అణిచేస్తుంది.

పేరు గొడవ మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక పొడి అక్షరమే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టుతో వీసా ఫారం, టికెట్టు, యూనివర్సిటీ ఐడీ మూడూ మూడు రకాలుగా వస్తాయి. టెన్త్ మెమోని ఆధారంగా పెట్టుకుని పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి పూర్తిగా రాయించాలి. ఆ తర్వాతే మిగతా కాగితాలు మొదలుపెట్టాలి. యూరప్‌లో చాలా దేశాలకి ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు, దానికి 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. 10 వారాలైతే ఇందులో సరిపోతుంది, సెమిస్టర్ అంతా అయితే ఆ దేశపు నివాస అనుమతి కావాలి, దానికి వ్యవధి ఎక్కువ పడుతుంది. వీసా వేలిముద్రలకి మనకి దగ్గర చెన్నై. నెల్లూరు నుంచి పొద్దున బండెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు గానీ, కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి వచ్చే పిల్లకి ముందురోజే బయల్దేరమని చెప్పాలి. వైద్య బీమాతోపాటు లయబిలిటీ బీమా కూడా అడుగుతారు, రోగికి విద్యార్థి వల్ల నష్టం జరిగితే వర్తించేది. ఇది చాలా కాలేజీలకి ఆఖరి వారంలో గుర్తొస్తుంది.

సామాను సంగతి రెండు మాటల్లో: మాంసం పచ్చళ్లు, నెయ్యి యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. గోంగూర, ఆవకాయ గట్టిగా సీలు వేయించి పెట్టుకోవచ్చు.

ఇక వార్డులోకి వద్దాం. తిరిగొచ్చిన విద్యార్థుల నోట తరచూ వినపడే మాట, "మమ్మల్ని ఏం చేయనివ్వలేదు" అని. ఇక్కడ పెద్దాస్పత్రి వార్డులో మూడో సంవత్సరానికే నరంలోకి మందెక్కించే గొట్టాలు, కాన్యులాలు పెట్టి, ఐవీ ఇంజెక్షన్లు ఇచ్చి చెయ్యి తిరిగిన పిల్ల అది. బ్రిటన్‌లో విద్యార్థిని సిబ్బంది లెక్కలో కలపరు. రిజిస్టర్డ్ నర్సు పక్కన లేకుండా మందు ఇవ్వనివ్వరు. అమెరికాలో అయితే బయటి విద్యార్థికి ఎక్కువ చోట్ల చూడ్డమే, ముట్టుకోవడం ఉండదు. ఈ సంగతి ఒప్పందంలోనే రాయించుకోవాలి: పర్యవేక్షణలో పని చేయనిస్తారా, పరిశీలన మాత్రమేనా. పరిశీలన మాత్రమే అయితే పది వారాలు దండగ, రెండు వారాలు చాలు. ఇక సిబ్బంది కొరత పూడ్చడానికి విద్యార్థిని వాడుకోకపోవడం ఏ మాత్రం లోపం కాదు. మన దగ్గర ముప్పై మంచాల వార్డుని ఇద్దరు స్టాఫ్ నర్సులు, పది మంది విద్యార్థులు లాక్కొస్తారు. అందులో చెయ్యి తిరుగుతుంది నిజమే, ఎందుకు చేస్తున్నామో ఆలోచించే తీరిక మాత్రం దొరకదు.

అక్కడ ఆ తీరిక దేనికి వాడతారో ఒక ఉదాహరణ చూడండి. బ్రిటన్‌లో న్యూస్-2 అనే స్కోరు పట్టీ ఉంది, రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చింది. ఆరు కొలతలు: శ్వాస, ఆక్సిజన్ శాతం, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో 2. ఆపరేషన్ అయిన రెండో రోజు రోగి అనుకోండి. శ్వాస 22, ఆక్సిజన్ 94, బీపీ 105, నాడి 112, జ్వరం 38.4 సెల్సియస్, మాట్లాడుతూనే ఉన్నాడు. మన వార్డులో ఈ అంకెలు కేస్ షీటులో వరసగా ఎక్కుతాయి. ఏ ఒక్కటీ విడిగా భయపెట్టదు. బీపీ బాగానే ఉంది, కొంచెం జ్వరం, పారాసెటమాల్ ఇద్దాం అనుకుంటారు. పట్టీ ప్రకారం కూడండి: శ్వాసకి 2, ఆక్సిజన్‌కి 1, బీపీకి 1, నాడికి 2, జ్వరానికి 1. మొత్తం 7. అయిదు వచ్చినా డాక్టరు వెంటనే వచ్చి చూడాలి, ఏడు అంటే ఎమర్జెన్సీ టీమును పిలవాలి. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం, మొదలవుతున్న మనిషి కావచ్చు అతను. పిలిచేది నర్సు. "సార్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు చెబుదాం" అన్నది అక్కడ కుదరదు, పిలవకపోతే ఎందుకు పిలవలేదో నర్సే జవాబు చెప్పుకోవాలి. పదహారేళ్లలోపు పిల్లలకీ గర్భిణులకీ ఈ పట్టీ వాడకూడదు.

ఈ పట్టీకి యంత్రాలేం అక్కర్లేదు. వాచీ, థర్మామీటరు, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటే చాలు. అన్నీ మన వార్డుల్లో ఉన్నాయి. లేనిదల్లా శ్వాస నిజంగా లెక్కపెట్టే అలవాటు. పూర్తి నిమిషం లెక్కపెట్టకుండా అందరికీ 20 అని రాసేస్తే మొదట కదిలే అంకె మన కళ్లపడదు.

కొలతల తేడాలు ముందే నూరిపోసి పంపాలి. అక్కడి గ్లూకోమీటరులో 18 కనిపిస్తే మన పిల్ల షుగర్ పడిపోయిందని గ్లూకోజు కోసం పరిగెడుతుంది. బ్రిటన్‌లో మిల్లీమోల్స్‌లో కొలుస్తారు, 18తో హెచ్చవేస్తే మన మిల్లీగ్రాములు వస్తాయి. అంటే అది 324. పడిపోవడం అంటే అక్కడ 4 లోపు, మన లెక్కలో 72. ఇన్సులిన్ ఇంకా జాగ్రత్త. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్ల వయల్, ఎర్ర మూత సిరంజి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అక్కడ అంతా 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజితో 100 యూనిట్ల ఇన్సులిన్ 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు, రెండున్నర రెట్లు. మన దగ్గర రెండు రకాలూ ఒకే ఫ్రిజ్‌లో ఉంటాయి కాబట్టి ఇది ఫారిన్ పోయే పిల్లకే కాదు, ఇక్కడ ఉండే పిల్లకీ నేర్పాల్సిందే.

ఇంకో విషయం, ఇది పిలకాయలకి అన్నిటికన్నా కష్టంగా ఉండేది. మన ఆస్పత్రుల్లో ఒళ్లు తుడవడం, తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం రోగి వెంట వచ్చినవాళ్ల పని, లేదంటే ఆయా పని. అక్కడ వెంట మనిషి ఉండడు. మొదటివారం వయోవృద్ధుల వార్డులో వేస్తే, నాలుగేళ్లు చదివి ఆయా పని చేయిస్తున్నారని కొందరు ఏడుస్తారు. ఎవరూ ముందు చెప్పి పంపకపోవడమే దీనికి కారణం. ఒళ్లు తుడిచేటప్పుడే నడుం కింద ఎర్రమచ్చ కనిపిస్తుంది. వేలితో నొక్కితే అది తెల్లబడకపోతే మంచంపుండు మొదలైనట్టు. మంచంపుండు ప్రమాదాన్ని లెక్కగట్టే బ్రేడెన్ స్కేలు మన వాళ్లకీ కంఠతా వచ్చు, ఆరు అంశాలు, 6 నుంచి 23 మార్కులు, 18 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ప్రమాదం. ఒంటిని చూడకుండా ఆ మార్కులు ఎలా వేస్తాం? పక్షవాతం రోగిని మగ్గం మీద బట్ట తిప్పినట్టు నొప్పి లేకుండా జారుడు గుడ్డ మీద పక్కకి తిప్పడం, తన నడుం విరగ్గొట్టుకోకుండా తిప్పడం, ఒక విద్య. దాన్ని నేర్చుకుని వచ్చిన అమ్మాయి ఇక్కడ వెంట వచ్చిన కోడలికో కొడుక్కో అయిదు నిమిషాల్లో నేర్పగలదు.

భాష దగ్గర కాలేజీలు నిజం చెప్పాలి. "ఇంగ్లిష్ కోర్సు" అంటే పాఠం ఇంగ్లిష్‌లో అని మాత్రమే. ఫిన్లాండులోనో స్వీడన్‌లోనో మతిమరుపు వచ్చిన ముసలాయన తన భాష తప్ప మాట్లాడడు. నొప్పి ఎక్కడ, మంచినీళ్లు కావాలా, బాత్‌రూముకి వెళ్తారా, మీ పేరు, పుట్టిన తేదీ, ఇలాంటి వంద వాక్యాలు ఆ భాషలో నోటికి వచ్చేలా మూడు నెలలు సాధన చేయించాలి. ఇంగ్లిష్ వచ్చిన చోట కూడా మనవాళ్లు తడబడేది ఫోనులో రోగి సంగతి అప్పజెప్పేటప్పుడు. ఎస్‌బార్ వరస, అంటే ఇప్పుడేం జరిగింది, వెనక కథేంటి, నేనేం గమనించాను, మీరేం చేయాలి, ఈ నాలుగు ముక్కల్ని ఒక నిమిషంలో చెప్పడం ఇక్కడి వార్డులోనే రోజూ ఒకరితో చేయిస్తే ఆ భయం పోతుంది. రాయడం కూడా అలాంటిదే. వారానికొక రిఫ్లెక్షన్ రాయమంటారు: ఏం జరిగింది, నాకేమనిపించింది, ఏది సరిగా లేదు, ఈసారి ఎలా చేస్తాను. ప్రశ్నకి సమాధానం బట్టీపట్టే అలవాటున్న పిల్ల పుస్తకంలో నిర్వచనం దించి పంపుతుంది, అది కాపీ కింద పట్టుబడుతుంది.

కొన్ని చిన్న విషయాలకే ప్లేస్‌మెంట్, అంటే అక్కడి వార్డులో ఇచ్చిన చోటు, రద్దయ్యే ప్రమాదం ఉంది. వార్డులో సెల్ఫీ, రోగి మంచం వెనక కనపడే వాట్సాప్ స్టేటస్, ఇవి గోప్యత ఉల్లంఘన. బ్రిటన్‌లో మోచేతి కింద గాజులు, వాచీ, రాళ్ల ఉంగరం, గోళ్ల రంగు ఏవీ ఉండకూడదు. గాజులు తీయడం ఇంట్లో పెద్దవాళ్లకి పట్టింపైతే బయల్దేరే ముందే మాట్లాడుకోవాలి. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి ఆ నిమిషమే చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల్లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే మొదలవ్వాలి. మనవాళ్లు తిడతారేమోనని దాచిపెడతారు, అది మాత్రం చేయొద్దని పదిసార్లు చెప్పి పంపండి.

ఇంత రాశాక ఒక విషయం మిగిలింది. ఎక్స్ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. మన కాలేజీలు పంపడం గురించే మాట్లాడతాయి, అక్కడి పిల్లల్ని రప్పించడానికి మన దగ్గరేముందిలే అనుకుంటాయి. చాలా ఉంది. కయ్యల్లో, రొయ్యల గుంటల గట్ల మీద పాము కరిచి వచ్చే మనిషికి 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేయడం యూరప్ విద్యార్థి పుస్తకంలో కూడా చూసి ఉండదు. కొత్త పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా పెట్టి, 20 నిమిషాలకి ఒక్కసారి వంచి చూడటం. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుతో కడిగిన గొట్టమైనా మామూలు రక్తం కూడా గడ్డకట్టక ఫలితం తప్పు చూపిస్తుంది. గడ్డకట్టలేదంటే విషనాశక మందు మొదలు, పసిపిల్లకీ పెద్దవాడికీ అదే డోసు, ఎందుకంటే పాము కక్కే విషం మనిషి సైజుని బట్టి తగ్గదు. కనిగిరి వైపు ఫ్లోరోసిస్ ఊళ్లలో ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ తిరిగి, వంగి కాలివేళ్లు ముట్టుకోమనడం, గడ్డం ఛాతీకి ఆనించమనడం, చేతులు తల వెనక కలపమనడం, ఆ మూడింటితో ఎముకల దాకా పోయిందో లేదో పసిగట్టడం మన కమ్యూనిటీ నర్సింగ్‌లో ఉన్న సత్తా.

వచ్చే విద్యార్థిని చేర్చుకోవాలంటే మనమూ వాళ్లడిగేవే చూపాలి: పేరు పెట్టి అప్పగించిన ఒక పర్యవేక్షకురాలు, గంటల పట్టీ, సూది గుచ్చుకుంటే ఎక్కడికి పోవాలో రాసిన కాగితం, సురక్షితమైన హాస్టలు గది. పైగా ప్రతి విదేశీ విద్యార్థికీ మన క్లాసులో ఒకమ్మాయిని జత చేయాలి. అవ్వ నెల్లూరు యాసలో చెప్పుకున్న కడుపునొప్పిని ఈ అమ్మాయి ఇంగ్లిష్‌లో ఎస్‌బార్ వరసలో పక్కమ్మాయికి అప్పజెప్పాలి, రోజుకి నలుగురు రోగులది. జత వారం వారం మారుస్తూ పోతే పది వారాల్లో ఇద్దరు విదేశీ విద్యార్థులతో ఇరవై మంది ఆ పని చేస్తారు. పాస్‌పోర్టు ఖర్చు కూడా పెట్టుకోలేని ఇళ్ల పిల్లలు ఆ ఇరవై మందిలో ముందుండేలా జాబితా వేయాలని కాలేజీలకి నా విన్నపం.